ఫ్రిజ్‌లో ఎంగిలి గొట్టాలు

పూజితా, నేను ఏడింటి బస్సుకి పుత్తూరు వెళ్తున్నాను. ఇడ్లీపిండి బయటే ఉంది. మరీ పులిసిపోతే నీ శాస్త్రాన్నే అడుగు. ల్యాబ్‌కు తీసుకెళ్లే ఉమ్మి గొట్టాలు ఫ్రిజ్‌లో పెట్టావు కదా, "ఎంగిలి పక్కన పెట్టిన పిండి నేను ముట్టను పోమ్మే" అని మీ అవ్వ ఫ్రిజ్ మీద పసుపునీళ్లు చల్లింది.

తాత చేత గొట్టం మళ్లీ నింపించు. పరగడుపున ఇమ్మంటే ఆకూవక్క నమిలి ఎర్రగా ఇచ్చాడు. అడిగితే, "పరగడుపే గదమ్మే, నేనేమన్నా తిన్నానా? ఆకే కదా నమిలింది!" అన్నాడు.

ఇనుముకు పట్టినట్టు ఒంటికీ తుప్పు పడుతుందని, అది ఉమ్మిలో తెలుస్తుందని నిన్న గంటసేపు పాఠం చెప్పావు. తాతను, నాయనను, చివరికి మగ్గం నేసే మురుగేష్‌ను కూడా ఉమ్మి అడిగావు. నాలుగింటికి లేచి పొయ్యి ముందు నిలబడే మనిషికి మాత్రం తుప్పు పట్టదని మీ పుస్తకాల్లో రాసుందేమో!

అన్నట్టు, ఫ్రిజ్‌లో నీ గొట్టాల డబ్బా మూలన ఉన్న పేరు లేని గొట్టం నాది. కాఫీ కూడా తాగకుండా, పరగడుపునే నింపాను. పేరు నువ్వే రాయి. అమ్మ అని కాదు, పంకజాక్షి అని.