డబ్బా మీద ఖాళీ

అక్కా,

బావ చొక్కాలు ఎవరికో ఇచ్చేస్తున్నావని పిన్ని చెప్పింది. కాస్త ఆగు. ఫోన్లో చెబితే "నీకు మతి పోయిందే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

మా ల్యాబు పడవ వలలో బావ నీళ్ల డబ్బా దొరికింది. పిడికి ఆయన చుట్టిన నీలం తాడు అలాగే ఉంది.

నడిసముద్రంలో నీటి మీద పరుగెత్తే చిన్న పురుగులుంటాయి. గట్టు మొహం చూడకుండానే పుట్టి పోతాయి. గుడ్లు పెట్టడానికి మాత్రం తేలేదేదైనా కావాలి, ఈకైనా సరే, పుల్లైనా సరే. అది ఎటు కొట్టుకుపోతే పిల్లలూ అటే. డబ్బా నిండా పొరలు పొరలుగా ఆ గుడ్లే.

ఒక్కచోట తప్ప. అక్కడ చెయ్యి పెట్టి పట్టుకున్నట్టు ఖాళీ. అరచెయ్యి, వేళ్లు, చిటికెనవేలు సగమే. బావ వేలు ఇంజన్లో పడి తెగినప్పుడు నువ్వెంత ఏడ్చావో నాకు గుర్తుంది.

అడుగు పొరలో పిల్లలు వెళ్లిపోయిన పాత పెంకులు. పై పొర డబ్బా దొరికేనాటికి వారం కూడా కానిది. సముద్రం మీద వేటకెళ్లిన బావ కనబడక ఏడాది దాటింది కదా. రెండు పొరల్లోనూ చెయ్యి ఉంది.

మా సార్ "ఏదో నూనె మరకలేమ్మా" అన్నారు. నేనూ సరేననుకుని, ఆ చోటు సబ్బుతో రుద్ది కడిగి, డబ్బాను తొట్టిలో వదిలాను. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు పెరిగి ఇప్పుడు గుడ్లు పెడుతున్నాయి. మళ్లీ ఆ చెయ్యి వదిలేసే పెడుతున్నాయి.

నిన్నటి నుంచి డబ్బాకి అవతలివైపు గుడ్ల మధ్య రెండో చెయ్యి ఖాళీ కూడా ఏర్పడుతోంది.

చొక్కాలు ఇవ్వకక్కా.

నీ చెల్లి