భుజం విరిగినా పందెమేనా?

ఏవండీ,

అమ్మాయి పడుకుంది, లేపకండి. లేచాక అన్నం మీరే తినిపించండి. కుడిచెయ్యి కదపకూడదన్నాడు డాక్టరు. పొద్దున జడ వేసుకోబోయి చెయ్యెత్తలేక ఏడ్చేసింది. భుజం దగ్గర ఎముక విరిగిందట.

నేను స్కూలుకి వెళ్తున్నాను, ఆ సైకిల్ కోచ్‌ని నిలదీయడానికి. మొన్న కొండదారి ప్రాక్టీసులో పడితే "ఫైనల్స్ అయ్యాక చూపించుకో, అమ్మకి చెప్పకు" అన్నాడట. సరే, వాడు పరాయివాడు. మీకు చెప్పుకుంటే "ఓర్చుకో తల్లీ, కప్పు మనదే" అన్నారటగా! ఒళ్ళు మండిపోతోంది నాకు. సైకిల్‌కి తాళం వేశాను. తాళంచెవి కోసం ఇల్లంతా వెతక్కండి, నా దగ్గరే ఉంది.

ఇంకోమాట. మందు మత్తులో కూడా "పందెం పోయిందని నాన్నకి కోపమొచ్చిందా?" అనే అడిగింది. లేచాక దానికి జవాబు మీరే చెప్పండి.