వెనక రెండు సీట్లు

ఆగస్టు 1998, శనివారం

మొదటిసారి ఎగిరేటప్పుడు వెనక సీట్లు నాకూ, నా తోటి వెల్డర్ అప్పలరాజుకూ అని ఓనర్ మాటిచ్చాడు. ఆ మాట నమ్మే గాజువాక షెడ్డులో ఆదివారాలు కూడా ఆ నాలుగు సీట్ల విమానానికి వెల్డింగ్ చేశాం.

ఈరోజు బరువు చూడాలని ఇంజనీరు మా ఇద్దరినీ వెనక కూర్చోమన్నాడు. కూర్చోగానే విమానం ముక్కు పైకి లేచి, తోక నేలకు గుద్దుకుంది.

"రాత్రి సేపలు ఎక్కువ తినేసినావేటి బావా?" అన్నాడు అప్పలరాజు. అందరూ నవ్వారు. సిగ్గులేక నేనూ నవ్వాను.

డిజైన్ మొత్తం మార్చాలన్నాడు ఇంజనీరు. ఓనర్‌కి అంత ఓపిక లేదు. "వెనక సీట్లు కోసేయండి. రెండు చాలు."

"మరి మేమో సార్?" అన్నాను.

"మీరు కింద నుంచి చూడండ్రా."

"నాను కొయ్యను బావా, పోతన్నాను" అని అప్పలరాజు వెళ్ళిపోయాడు. నేను ఉండిపోయాను. నేను చేసిన సీట్లు నేనే కోశాను. ఏం మనిషిని నేను!

సోమవారం ఆ ఖాళీలో మా ఇద్దరి కంటే తేలికైన చిన్న పెట్రోలు ట్యాంకు అతకాలట. అదీ నేనే. ఇంత కోపంతో వేసిన అతుకు నిలుస్తుందా? నిలవకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. ఓనర్ పక్కన పైలట్ కూడా ఉంటాడు. అతను నన్నేం చేశాడు? అయినా అనిపించింది...