సున్నా మంది పిల్లలు

జూన్ 18, 2024
మిర్యాలగూడ రోడ్డు సైట్ నుంచి ఇప్పుడే సూర్యాపేట వచ్చాను. ఒళ్ళు మండిపోతోంది, ఎవరిమీదో కాదు, నామీదే. రోడ్డుకు ఇవతల తండా, అవతల బడి. మధ్యలో రోడ్డు నాలుగు లైన్లు అవుతోంది. పిల్లలు దాటడానికి అండర్‌పాస్ ఉండాల్సింది. రోడ్డు దాటేవాళ్ళ కౌంట్ షీట్‌లో బడిపిల్లలు సున్నా అని ఉంది కాబట్టి తీసేశారు. లెక్కపెట్టింది నేనే, మే 16న. ఎండాకాలం సెలవుల్లో, తాళం వేసిన బడి ముందు కుర్చీ వేసుకుని! వానలకు ముందే సర్వేలు ముగించడం మా ఆఫీసు ఆనవాయితీ. అందరూ అలాగే చేస్తారు. అయితే మాత్రం తప్పు కాకుండా పోతుందా?

జూన్ 19
ఆరేళ్ళుగా ఆదివారాలు పిల్లల హక్కుల మీటింగులు పెడుతున్నాను, సోమవారాలు రోడ్లు వేస్తున్నాను. సిగ్గేస్తోంది.

జూన్ 21
మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్ చంద్రమౌళి సార్‌కు చెప్పాను. సెలవులు గవర్నమెంటే ఇచ్చింది గదమ్మా, మనమేం జేస్తం, డిజైన్ ఖతం అయింది అన్నారు. పిల్లలు రెండు కిలోమీటర్లు పోయి యూ-టర్న్ కాడ దాటుతరట. నడిచే పిల్లకు యూ-టర్న్! మీ మనవరాలిని నడిపించి చూడండి అన్నాను.

జూన్ 23, ఆదివారం
తండాలో బాలల సభ. ఏడో తరగతి తార లేచి, గా కాయితంల మేమెందరం ఉన్నం మేడం అని అడిగింది. సున్నా అన్నాను. అట్లయితే ఇగ మేమే లెక్కపెడ్తం, మీరు గూడ పెట్టుండ్రి, సూద్దాం అంది.

జూన్ 25
రీ-కౌంట్. పిల్లలు బడి గోడ మీద చాక్‌పీసుతో నాలుగు గీతలు, అడ్డంగా ఒకటి, ఐదేసి చొప్పున గీశారు. నా షీట్‌లో 86, గోడ మీద 87. తప్పు పిల్లలదే అనుకున్నాను, అలవాటు ఎక్కడికి పోతుంది? తారను అడిగాను. మా క్లాసు సరళ సంకనేసుకొని బడి పక్క అంగన్‌వాడీకి తీస్కపోయిన ఆమె చెల్లె రోడ్డు దాటలేదా మేడం అంది. 86 కొట్టేసి 87 రాశాను. పాత లెక్క తప్పు, తప్పు నాది అని కింద సంతకం చేసి ఆఫీసులో ఇచ్చాను.

జులై 1
మెమో వచ్చింది. తప్పు ఒప్పుకున్నందుకు! రీ-కౌంట్ వాపస్ తీస్కో, మెమో నేను సూసుకుంట, జిద్దు చెయ్యకు బిడ్డా అన్నారు సార్. ఆప్యాయంగానే అన్నారు, దాంతో ఇంకా కోపమొచ్చింది. జవాబు ఒక్కటే వాక్యం రాశాను. ఎనభై ఏడు మంది, ఒక్కరినీ తగ్గించను.

జులై 2
గోడ ఫోటో, 87 పేర్లు పై ఆఫీసుకూ, బాలల హక్కుల కమిషన్‌కూ పంపాను. చంకలో పాప పేరు మొదట రాశాను.

జులై 19
అండర్‌పాస్ డ్రాయింగులోకి తిరిగొచ్చింది. నాకు కోదాడ బదిలీ. ఒకే రోజు రెండు కవర్లు.

జులై 24
కోదాడ. ఇక్కడి రోడ్ల పాత కౌంట్ షీట్లు తీశాను. అన్నీ మే నెలవే.
సాయంత్రం చాక్‌పీసుల డబ్బా కొన్నాను.