రంగు ఆరలేదు, కూర్చోవద్దు

రంగుల గది,
పంపుహౌసు పక్కన,
శనివారం మధ్యాహ్నం.

గౌరవనీయులైన బావగారికి,

మీ బావమరిది నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ లైబ్రరీ లిఫ్టు తప్ప అందరం క్షేమం. అక్కడ కొత్త క్యాంపస్‌లో మీరూ, మీ కుళాయిలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఈ ఉత్తరం నా అంతట నేను రాయడం లేదు. మొన్న అక్క మా ఇంటికొచ్చి, ఆయన మాట నీకూ నీ మాట ఆయనకూ మోయలేక నా కాళ్ళు అరిగిపోతున్నాయి, మాట్లాడుకోవడం చేతకాకపోతే ఉత్తరమైనా రాసి తగలడు అని కడిగేసింది. మా ఆవిడ వాళ్ళ వదిన పక్కనే నిలబడి తలూపింది. ఇంట్లో ఇద్దరాడవాళ్ళు ఒక మాట మీద నిలబడ్డాక నేనెంత? అందుకని రాస్తున్నాను. మిమ్మల్ని వెనక్కి రమ్మని పిలవడానికి మాత్రం కాదు. ఏడాదికని వెళ్ళారు, ఆ ఏడాది అయిపోవచ్చింది. వచ్చే శుక్రవారంలోగా తిరిగొస్తానని చెప్పకపోతే మిమ్మల్ని అక్కడే ఉంచేసి, ఇక్కడ మీ స్థానంలో కొత్త ప్లంబర్ని తీసుకుంటారట. ఈ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఒకవేళ తెలియకపోతే తెలియాలని రాశాను, అంతే.

ఇక ఆఫీసు కబుర్లు. మన మరమ్మతుల విభాగానికి పేరు మార్చారు. ఇప్పుడు మనం సదుపాయాల నిర్వహణ విభాగం. పేరు పెరిగింది గాని రేకు పెరగలేదు, పాత బోర్డు మీదే రాయమన్నారు. నేను ఉత్సాహం కొద్దీ పెద్ద అక్షరాలతో మొదలుపెట్టి, సదుపాయాల నిర్వ దాకా వచ్చేసరికి రేకు అయిపోయింది. మిగతాది గోడ మీద రాశాను. తలుపు తెరిస్తే ఆ మిగతాది తలుపు వెనక్కి పోతుంది. స్టూడెంట్లు మమ్మల్ని నిర్వవాళ్ళు అంటున్నారు. వడ్రంగి ఫోనెత్తి, నిర్వ నుంచి మాట్లాడుతున్నానండీ అనడం కూడా మొదలుపెట్టాడు.

కొత్త మేనేజరు మేడం వచ్చారు. మంచి మనిషే గాని ఆవిడకో పిచ్చి ఉంది. మన మైలురాళ్ళు అని గోడకి ఒక బోర్డు తగిలించి, నెలనెలా ప్రతివాళ్ళూ తాము సాధించిందేదో చెప్పి తీరాలంటారు. మన సంగతి మీకు తెలియనిదేముంది. మనం పని సరిగ్గా చేశామంటే అక్కడ ఏమీ జరగలేదని అర్థం. ఏమీ జరగకపోవడాన్ని మైలురాయిగా ఎలా రాయడం? తోటమాలి బుర్ర గోక్కుని గోక్కుని, గడ్డి పెరిగింది అని రాయించాడు. లిఫ్టు మెకానిక్కు, ఈ నెలలో లిఫ్టులో ఎవరూ ఇరుక్కోలేదు అని రాయించి, నమ్మకం కలగడానికి మేడంని తనే ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. ఇద్దరూ రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య టీ వేళ దాకా ఉన్నారు. బయటికొచ్చాక మేడం నేరుగా వెళ్ళి, బోర్డు మీద ఆ లైను పక్కన తన చేత్తోనే ఒక ప్రశ్నార్థకం పెట్టారు.

లైబ్రరీ చదువుకునే గదిలో ఆ చెమ్మ మరక గుర్తుందిగా. గుర్తులేకపోవడమేమిటి, మన మాటలు ఆగిపోయింది దాని దగ్గరేగా. గోడలో మీ పైపు కారుతోందని నేనూ, నా రంగు నాసిరకం కాబట్టే ఉబ్బుతోందని మీరూ అందరి ముందూ అరుచుకున్నాం. నేను మిమ్మల్ని కారుడు మేస్త్రీ అన్నాను. మీరు నన్ను పూతల బావమరిదీ అన్నారు. మర్నాడే మీరు బదిలీ కాగితం పెట్టేశారు. మీరు పోయారు గాని మరక పోలేదు. నేను పూస్తూనే ఉన్నాను, అది వస్తూనే ఉంది. మొదట్లో గొడుగులా ఉండేది, పోనుపోను రిజిస్ట్రారుగారి ముక్కులా తయారైంది. స్టూడెంట్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగేవారు.

పోయిన నెల మైలురాళ్ళ మీటింగులో ఏసీ మెకానిక్కు లేచి, ఛాతీ విరుచుకుని, లైబ్రరీ ఏసీ బిగించిన నాటి నుంచి ఈనాటి దాకా బయట ఒక్క చుక్క నీళ్ళు కార్చలేదు, ఇదీ నా మైలురాయి అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. మేడం రాసుకుంటూ, తలెత్తకుండానే, మరి ఆ నీళ్ళన్నీ ఎటు పోతున్నాయి అని అడిగారు.

చప్పట్లు ఆగిపోయాయి. ఏసీ మెకానిక్కు మెల్లగా కూర్చున్నాడు. తర్వాత అందరం గుంపుగా లైబ్రరీకి పరుగెత్తాం. వడ్రంగి ఏసీ కింద గోడకి బిగించిన చెక్క ఊడదీసి చూస్తే, బయటికి రావలసిన ఏసీ నీళ్ళ గొట్టం గోడ మధ్యలోనే ఆగిపోయి, తీరిగ్గా లోపల్లోపలే బొట్లు రాలుస్తోంది. బిగించినప్పుడు గోడ మందం ఎవరూ చూసుకోలేదన్నమాట. దాని పక్కనే ఉన్న మీ పైపు పొడిపొడిగా ఉంది. నా రంగులోనూ ఏ దోషమూ లేదు. ఏడాదిపాటు మనం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉన్నది ఇంకొకడి గొట్టం కోసం! నవ్వాలో ఏడవాలో తెలియక నేను నిచ్చెన పట్టుకుని నిలబడిపోయాను. గొట్టం పొడిగించారు, గోడ ఆరింది, నేను ఆఖరి పూత వేసేశాను. మరక మళ్ళీ రాలేదు. రిజిస్ట్రారుగారి ముక్కు ఏమైందని స్టూడెంట్లు మాత్రం నన్ను అడుగుతున్నారు.

ఈ మీరు మీరు అని రాయడం నావల్ల కాదు బావా, వేళ్ళు నొప్పి పుడుతున్నాయి. ఇక నుంచి నువ్వు అనే రాస్తాను.

పంపుహౌసులో నీ పాత మోటారు మొరాయిస్తోంది. నువ్వు తట్టే చోటే తట్టినా, నువ్వు తిట్టే తిట్లే తిట్టినా కదలదు. మొన్న వడ్రంగి నీ గొంతు అనుకరించి తిట్టి చూశాడు. ఒక్కసారి గుర్రుమని మళ్ళీ పడుకుంది.

ఇంకో వింత ఉంది, అది ఇప్పటికీ తేలలేదు. పంపుహౌసు వెనక మనం టీ తాగే బెంచీ. నువ్వు వెళ్ళాక దానికి ఆకుపచ్చ రంగు వేసి, రంగు ఆరలేదు, కూర్చోవద్దు అని అట్ట కట్టాను. ఆ అట్ట ఇంకా అలాగే ఉంది. రంగు ఆరడం లేదు. మేడం వచ్చిన కొత్తలో చూశారు, ఊరుకున్నారు. ఎండలు ముదిరాక చూశారు, నోరు తెరిచారు. రిజిస్ట్రారుగారైతే ఇదంతా బద్ధకిష్టుల నాటకమని అట్ట పక్కకి నెట్టి మరీ కూర్చున్నారు. ఆ సాయంత్రం యూనివర్సిటీ పెద్దల మీటింగులో వీపు నిండా ఆకుపచ్చ గీతలతో క్రమశిక్షణ గురించి మాట్లాడారట. స్టోరువాళ్ళు డబ్బాలో కల్తీ అన్నారు. నేను చెట్టు నీడ అన్నాను, నేల చెమ్మ అన్నాను, గాలి అన్నాను. చివరికి మేడం కెమిస్ట్రీ ప్రొఫెసరమ్మని వెంటబెట్టుకొచ్చారు. ఆవిడ గోటితో గీకి, వాసన చూసి, బెంచీ వంకా నా వంకా కాసేపు చూసి, ఆరవలసినప్పుడు అదే ఆరుతుంది అని చెప్పి వెళ్ళిపోయారు. చదువుకున్నవాళ్ళ మాటలు మనకేం తెలుస్తాయి. మైలురాళ్ళ బోర్డు మీద నా పేరుకెదురుగా మాత్రం, ఆరని రంగు అని ఉంది.

నేనిప్పుడు టీ నిలబడే తాగుతున్నాను. అక్కడ నువ్వూ ఒక్కడివే తాగుతున్నావని అక్క చెప్పింది. రేపు కొత్త ప్లంబరు వస్తే వాడూ మనిషే, వాడికీ కూర్చోవడానికి చోటు కావాలి. అది తలుచుకుని సగం టీ మొక్కల్లో పారబోస్తున్నాను బావా. రాయకూడదనుకుంటూనే రాసేశాను, పోనీ.

ఇట్లు,
నీ పూతల బావమరిది

తా.క. ఉత్తరం మడిచాక మనసొప్పక మళ్ళీ విప్పాను. ఆ రంగులో కల్తీ లేదు, గాలిలో చెమ్మా లేదు. ఆరినప్పుడల్లా, పొద్దున్నే ఎవరూ రాకముందు, నేనే ఇంకో పూత వేస్తున్నాను. ఉత్త అట్టని ఎవరూ నమ్మరు, చేతికి తడి తగిలితేనే నమ్ముతారు. నువ్వు వెళ్ళిన వారమే బస్సు డ్రైవరు వచ్చి, నువ్వు కూర్చునే ఎడమ చివర కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. చూడలేకపోయాను. అప్పుడు తీశాను బ్రష్షు. పూత మీద పూత పడి చెక్కల మధ్య సందులు కూడా పూడుకుపోతున్నాయి. శుక్రవారం దాకా తడిగానే ఉంచుతాను. మంచి ప్యాంటు మాత్రం వేసుకుని రాకు.