బాజాలో నేని సరం

బావా,

నువ్వు పోయి ఏడాది దాటింది. ఇది నీకు అందదని తెల్సు. అయినా ఈ కబురు నీకు కాక ఇంకెవుడికి సెప్పను? మన బ్యాండులో నీ పెద్ద బాజా ఇప్పుడు నేనే ఊదుతన్నాను.

మూడు మీటలూ నొక్కీసినాక వచ్చీదే ఆ బాజాకి ఆకరి సరం, దాని కింద ఇంక పలకదు. అయినా నువ్వు పెదాలతోనే ఇంకా కిందకి దిగిపోయి ఒక సరం పలికించీవోడివి. దొంగ సరం అనీవోడివి. అప్పగింతల పాట ఆకర్ని అది మోగితే పెల్లికూతురి తల్లి ఏడుపు ఆపి ఇనీది. నువ్వు పోయినాక అక్కడ డ్రమ్ము కొట్టీసి సర్దీస్తన్నాం.

"ఒరే, పెదాలు వదిలీరా" అని నువ్వు మొత్తుకునీవోడివి. నేనేమో ఇంకా బిగించీవోడిని. ఏడాదంతా మొకం ఎర్రబడీదాకా ఊదినా గాలి తప్ప ఏటీ రానేదు.

ఇయ్యాల పన్ను పీకించుకున్నాను. ఇంజెక్షనుకి కింది పెదవి మొద్దుబారిపోయి ఏలాడిపోతంది. రేపు పాతపట్నంలో పెల్లి ఉంది, ఊదగలనో నేనో సూద్దామని మీ అరుగు మీద కూసున్నాను. బిగిద్దామన్నా పెదవి నా మాట ఇననేదు. వచ్చీసింది బావా! అరుగు అదిరీలాగ, అచ్చం నీదే.

లోపల అక్క పప్పు రుబ్బుతన్న సప్పుడు ఆగిపోయింది. కాసేపటికి టీ అట్టుకొచ్చింది. అల్లం టీ. మీ ఇంట్లో అది నువ్వొక్కడివే తాగీవోడివి. నాకు పడదని అక్కకి తెల్సు.

"తాగు, సల్లారిపోద్ది" అంది.

సగం సొక్కా మీద పోసుకుంటా మొత్తం తాగీసినాను.