గంజి పెట్టిన నిక్కరు

మంగళగిరి, శనివారం రాత్రి

మూడు రోజుల సైకిల్ పందెంలో ఈరోజు రెండోది. విజయవాడ నుంచి నిన్న హనుమాన్ జంక్షన్ దాకా, ఈరోజు కంకిపాడు మీదుగా బందరు దాకా వెళ్లి వచ్చారు. మొత్తం మీద మా ఆయన రెండో స్థానంలో ఉన్నారు. పగలంతా మగ్గం గుంటలో కూర్చుని తొక్కే కాళ్లకు సైకిలొక లెక్కా!

తీరా ఇంటికొచ్చి స్నానానికి వెళుతుంటే చూశాను. తొడలు రెండూ ఒరుసుకుపోయి పచ్చిపుండ్లయ్యాయి. కారణం నేనే. పదిమందిలోకి వెళ్లే మనిషని, నిన్న రాత్రి నిక్కరు ఉతికి, మగ్గం మీది పడుగు నూలుకు పెట్టేంత చిక్కటి గంజి పెట్టాను. అట్టలా నిలబడితే మురిసిపోయాను కూడా.

"పొద్దున వేసుకోగానే తెలిసుంటుందిగా, చెప్పొచ్చు కదండీ?" అన్నాను, ఏడుపొస్తుంటే.

"గుమ్మంలో నుంచుని అంత మురిపెంగా చూస్తుంటే ఎట్టా విప్పేదే?" అని నవ్వేశారు.

బందరు వెళ్లి వచ్చేదాకా ఒక్కచోటా దిగలేదట.

పుండ్లకు కొబ్బరినూనె రాశాను. రేపు ఆఖరి రోజు. సీటు మీద కూర్చోగలరో లేదో... మానేది లేదంటున్నారు.

నిక్కరు వట్టి నీళ్లలో జాడించి ఆరేశాను. నేనీ ఇంటికొచ్చాక గంజి పెట్టకుండా దండెం మీద వేసిన మొదటి బట్ట అదే.